అడ్వాన్సు మింగిన పెచ్చు

వాష్ బేసిన్ అంచున బఠాణీ గింజంత పెచ్చు ఊడితే అద్దె కొంపలో ముందు మొదలయ్యేది రిపేరు కాదు, దర్యాప్తు. ఇత్తడి చెంబు ఎవరి చేతిలోంచి జారిందో తేలదు. ఆ రోజు సెలవు పెట్టిన పనిమనిషే దోషి అని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా తీర్మానించి, పెచ్చు మీద సబ్బుపెట్టె పెడతారు. మనవాళ్లకి తెలిసిన రిపేరు అంతవరకే.

ప్లంబర్‌ని పిలిస్తే ఇంకా చూడకముందే "మార్చెయ్యాల్సిందే సార్" అంటాడు. బేసిన్‌తోపాటు వేస్ట్ కప్లింగు, బాటిల్ ట్రాపు, యాంగిల్ కాకు. విప్పేటప్పుడు టైలు పగిలితే ఆ లెక్క వేరు.

పూర్తిగా అతని తప్పూ కాదు. బంకమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ కలిపి, పైన గ్లేజు పూసి 1200 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాల్చిన సరుకది. ఊడిన గ్లేజుని గ్యాస్ పొయ్యి మీద మళ్లీ పుట్టించలేం. ఇంట్లో చేయగలిగింది మేకప్పే. అదైనా కుదురుగా చేస్తామా? ఇంత వైట్ సిమెంటు మెత్తి చేతులు దులుపుకుంటాం. అది మరకలన్నీ పీల్చుకుని, పెచ్చు ఎక్కడుందో వచ్చినవాళ్లకి వేలెత్తి చూపిస్తుంది.

పద్ధతి పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. సబ్బు జిడ్డు గీకి, సన్నటి ఎమరీ పేపరుతో అంచులు రుద్ది, స్పిరిటుతో తుడిచి, తడి లేకుండా ఆరబెట్టి, రెండు ట్యూబుల ఎపాక్సీ సమపాళ్లలో కలిపి పలచగా పొర మీద పొర పూయాలి. తర్వాత 24 గంటలు నీటి చుక్క తగలకూడదు. అక్కడే వస్తుంది చిక్కంతా. ఉన్నది ఒక్క బేసిను. తాతగారు తెల్లారకుండానే లేచి పళ్లసెట్టు కడుక్కోవాలి. పోసిన కాంక్రీటు ఆరకముందే రిబ్బన్ కత్తిరించే దేశంలో ఎపాక్సీని ఎవరు ఆరనిస్తారు?

పైగా రంగు. ట్యూబు మీద "వైట్" అనే ఉంటుంది, బేసిను ఐవరీ. పెళ్లి ప్రకటనల్లో తెలుపుని అన్ని తరగతులు చేసిన జాతికి బాత్రూంలోకి వచ్చేసరికి చూపు మందగిస్తుంది. కుదిరిందనుకున్న తెలుపు కూడా కిటికీ ఎండకి ఏడాది రెండేళ్లలో పచ్చబడుతుంది.

కమోడ్ దగ్గర మాత్రం వేళాకోళం వద్దు. అంచున పెచ్చు పోతే పోయింది గానీ, మనిషి బరువు మోసే చోట వెంట్రుకంత పగులు కనిపించినా దాని మీద ఎపాక్సీ పూసి కూర్చోకండి. పింగాణీ చెప్పి విరగదు. విరిగిన ముక్క పదును కుట్లు పడేంత. అప్పుడు మాత్రం ప్లంబర్ మాటే వేదం.

ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరు చూపు సరాసరి పెచ్చు మీదికే వెళ్తుంది. అడ్వాన్సులో కొత్త బేసిన్ ఖరీదు కోస్తాడు. బేసిన్ మాత్రం మార్చడు. తర్వాత దిగేవాళ్లకి ఆ పెచ్చు చూపించడు కూడా. వాళ్లు ఖాళీ చేసేటప్పుడు చూపిస్తాడు.