ఆ పద్దెనిమిదీ నాది కాదు

నా బ్యాంకు ఖాతాలో ఉన్న డబ్బులో నాదెంతో చెప్పాలంటే ఆడిటర్ గారు రావాలి. హైదరాబాద్‌లో లోగోలూ, బ్రోషర్లూ, పచ్చడి సీసాల లేబుళ్లూ గీసుకుని బతికేవాణ్ణి. టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ నన్ను పలకరించలేదు. దాటాక వదల్లేదు.

సూత్రం వినడానికి ముచ్చటగానే ఉంటుంది. లక్ష రూపాయల పనికి 18 వేలు కలిపి బిల్లు వేస్తాను. అదే నెలలో పని కోసం 60 వేల ల్యాప్‌టాప్ కొంటే, దాని మీద 10,800 పన్ను అప్పటికే కట్టేశాను కాబట్టి అది క్రెడిట్‌గా తగ్గి, సర్కారుకు కట్టాల్సింది 7,200. పన్ను మీద పన్ను పడదు. ఎవరు చేర్చిన విలువకు వాళ్లే కడతారు. 1954లో ఫ్రాన్స్‌లో ఈ ఏర్పాటుకు రూపం ఇచ్చిన మోరీస్ లోరే పన్నుల శాఖ అధికారి. క్లయింట్ల చుట్టూ తిరిగి బిల్లులు వసూలు చేసుకునే మనిషి కాదు. ఆ సంగతి రూల్సు చదువుతుంటేనే తెలిసిపోతుంది.

మన దగ్గర సరుకుల మీద ఈ పన్ను వ్యాట్ పేరుతో 2005లో వచ్చింది. 2017 జూలై 1న జీఎస్టీ దాన్ని మింగేసింది గానీ, పెట్రోల్ బంకులోనూ మందు షాపులోనూ వ్యాట్ ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. బిల్లు వసూలుకి బండి మీద వెళ్తే ఆ పెట్రోలు మీద కట్టిన వ్యాట్‌కి క్రెడిట్ రాదు. వసూలు కాలేదన్న దిగులుతో రెండో చోటికి వెళ్లినా రాదు.

పచ్చళ్లాయన లేబుల్ చూసి మురిసిపోయి, బిల్లు చూసి డీలా పడ్డాడు. "బిల్లు వద్దులెండి, ఆ పద్దెనిమిదీ తీసేయండి." ఆయనది కంపోజిషన్ స్కీము. అమ్మకాల మీద ఒక శాతం కట్టేసి ఊరుకుంటాడు, క్రెడిట్ తీసుకునే వీల్లేదు. నేను వేసిన పద్దెనిమిది ఆయనకు నికరంగా నష్టం. మందుల కంపెనీ వాళ్లయితే "వేసుకోండి సార్, మాకు క్రెడిట్ వస్తుంది" అంటారు. పెద్దవాళ్లకు నేను అసలు ధరకే పనిచేస్తాను, చిన్నవాళ్ల దగ్గర మాత్రం ఖరీదైన మనిషినైపోతాను. నన్నడిగితే ఈ పన్నులో అసలు తిరకాసు ఇదే.

విజయవాడలో మా బావ హోటల్‌కి మెనూ కార్డు చేసిచ్చాను. హైదరాబాద్ బిల్లుల్లో కేంద్రానికి తొమ్మిది, రాష్ట్రానికి తొమ్మిది అని విడివిడిగా ఉంటుంది. నా జీఎస్టీ నంబరు తెలంగాణ కోడ్ 36తో, ఆయనది ఆంధ్రప్రదేశ్ కోడ్ 37తో మొదలవుతాయి కనక, రాష్ట్రం దాటిన బిల్లుకి వేసే ఐజీఎస్టీ పద్దెనిమిదీ ఒకే వరసలో పడింది. "ఏం బావా, రాష్ట్రాలు విడిపోయాక తొమ్మిదులు కలిసిపోయాయా?" అన్నాడు.

పని లేని నెలలో కూడా పని లేదని రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. 14409కి మెసేజ్ పెట్టినా చాలంటారు. పని లేదన్న ముక్క మా ఇంట్లోనే చెప్పను నేను.

ఇక మందుల కంపెనీ సంగతి. లక్ష రూపాయల పనికి బిల్లు ఇచ్చాను. పదకొండో తేదీకి ఆ బిల్లు పోర్టల్లో ఎక్కించాను. ఇరవయ్యో తేదీకి 18 వేలు జేబులోంచి కట్టాను. డబ్బు వచ్చిందా రాలేదా అని పోర్టల్ అడగదు. ఈలోగా నా బిల్లు వాళ్ల 2బీలో, అంటే పోర్టల్ చూపించే క్రెడిట్ల లెక్కలో, కనబడింది, వాళ్లు ఆ 18 వేల క్రెడిట్ తీసుకుని తమ పన్ను తీర్చుకున్నారు. నా లక్ష మాత్రం "ప్రాసెస్‌లో ఉంది సార్". అంటే నేను కట్టిన డబ్బుతో నాకు బాకీ ఉన్నవాళ్లు పన్ను కట్టుకున్నారు.

"ఇదేం న్యాయమండీ?" అని ఆడిటర్ గారిని అడిగాను.

"180 రోజుల్లోగా మీకు చెల్లించకపోతే ఆ క్రెడిట్ వడ్డీతో సహా వెనక్కి కట్టాలి వాళ్లు. కాస్త ఆగండి."

ఆగాను. నేను పెట్టిన రిమైండర్లకూ, చేసిన ఫోన్లకూ బదులివ్వని అకౌంట్స్ ఆఫీసరు గడువు దగ్గరపడ్డాక తనే ఫోన్ చేశాడు. ఎంత మర్యాదో! "సార్, పేమెంట్ ఇవాళే చేసేస్తాం. మీ అకౌంట్ నంబరు ఒక్కసారి చెప్తారా?"

బిల్లు అడుగున ఉంటుందండీ, అన్నాను.

"అంతదాకా చూళ్లేదు సార్," అన్నాడు.