కడగని రీలు

యుద్ధ విమానం దిగి వచ్చిన పైలట్ "ఒకదాన్ని కూల్చాను" అంటే అతని మాట మీద గౌరవం ఉంచుతారు గానీ, ఖాతాలో మాత్రం వెంటనే రాయరు. ముందు రీలు చూడాలంటారు.

ఫిరంగులు ఏ దిక్కుకు గురిపెట్టి ఉంటాయో ఆ దిక్కుకే చూసే చిన్న కెమెరా ఒకటి విమానంలో అమర్చి ఉంటుంది. దాన్నే గన్‌కెమెరా అంటారు. ట్రిగ్గర్ నొక్కితే గుండ్లతో పాటు అదీ పని మొదలుపెడుతుంది, వదిలితే ఆగిపోతుంది. 1965 నాటి కెమెరాల్లో ఉండేది సన్నపాటి ఫిల్ము. విమానం నేల మీద ఆగగానే సిబ్బంది ఫిల్ము పెట్టె విప్పి చీకటి గదికి పట్టుకెళ్ళేవారు. కడిగి ఆరబెట్టి తెర మీద వేస్తే కనబడేది కొద్ది క్షణాల బొమ్మే. ఫిరంగుల అదురుకు అలుక్కుపోయిన ఆకాశం, మధ్యలో వేలెడంత శత్రు విమానం, అదృష్టం బాగుంటే దాని రెక్క మొదట్లో పొగ. ఆ పొగ కనిపిస్తే పేరు, పతకం, పత్రికలో ఫొటో.

ఈ ఏర్పాటులో ఒక లోటు ఉంది. సాక్ష్యం విమానంలోనే ఉంటుంది కాబట్టి విమానం తిరిగి రాకపోతే అదీ రాదు.

భారత్-పాకిస్తాన్ యుద్ధం నడుస్తోంది. 1965 సెప్టెంబరు 7, ఇంకా తెల్లవారని వేళ. పంజాబ్‌లోని ఆదంపూర్ స్థావరం నుంచి ఒకటో స్క్వాడ్రన్ మిస్టేర్ విమానాలు సర్గోధా మీద దాడికి బయల్దేరాయి. నాయకుడు వింగ్ కమాండర్ ఓ.పి. తనేజా. పాకిస్తాన్ వాయుసేనకు సర్గోధా గుండెకాయ లాంటి చోటు. గీత గీసినట్టు వెళ్ళినా దాదాపు 300 కిలోమీటర్ల దూరం. మిస్టేర్‌కు అది కనాకష్టం. వెళ్ళి, బాంబులు వేసి, తిన్నగా తిరిగి వచ్చేయాలి. దారిలో ఎవరితోనైనా తలపడితే ఇంటికి చేరడానికి ఇంధనం మిగలదు.

స్క్వాడ్రన్ లీడర్ అజ్జమాడ బొప్పయ్య దేవయ్య ఆ రోజు స్టాండ్‌బై. ఎవరి విమానమైనా మొరాయిస్తే ఆ చోటు భర్తీ చేయడం ఆయన పని. కొడగు మనిషి, కొత్త పైలట్లకు పాఠాలు చెప్పిన వాడు. చివరికి ఆయన కూడా గాల్లోకి లేచారు.

దాడి ముగించుకుని తిరిగి వస్తుండగా ఎఫ్-104 స్టార్‌ఫైటర్ ఒకటి వెంటపడింది. నడుపుతున్నది ఫ్లైట్ లెఫ్టినెంట్ అంజద్ హుస్సేన్. స్టార్‌ఫైటర్ ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో పోగలదు. మిస్టేర్ మట్టసంగా ఎగిరితే ధ్వని వేగాన్ని కూడా అందుకోలేదు. ఇవాళ్టి యుద్ధ విమానాల్లో శత్రు రాడార్ చూపు పడిందంటే కాక్‌పిట్‌లో దీపం వెలుగుతుంది, చెవిలో మోత మొదలవుతుంది. మిస్టేర్‌లో అలాంటిదేమీ లేదు. వెనక ఏముందో తెలియాలంటే పైలట్ మెడ తిప్పి చూసుకోవాల్సిందే. ఆ మసక వెలుతురులో, నేలకు అంత దగ్గరగా ఎగురుతూ ఎంతసేపని మెడ తిప్పుతారు?

అంజద్ మొదట దేవయ్య మిస్టేర్ మీద సైడ్‌వైండర్ క్షిపణి వదిలాడు. అది నేలకు కొట్టుకుంది. తర్వాత ఫిరంగి పేల్చాడు. గుండ్లు తగిలాయి. ఆ మిస్టేర్ పని అయిపోయిందనుకుని ముందున్న వాటి మీదికి మళ్ళాడు.

అప్పుడు దేవయ్య చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. దెబ్బతిన్న విమానం, అడుగంటుతున్న ఇంధనం. ఇంటిదారి పట్టి ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. అయినా ఆయన స్టార్‌ఫైటర్ మీదికే తిరిగారు. స్టార్‌ఫైటర్ బలమంతా వేగంలోనే ఉంది. దాని రెక్కలు మరీ పొట్టివి, వేగం తగ్గించి మెలికలు తిరగాల్సి వస్తే ఒదగదు. దేవయ్య దాన్ని సరిగ్గా ఆ మెలికల్లోకే లాగారు. ఫిరంగులు పేల్చారు. స్టార్‌ఫైటర్ అదుపు తప్పింది. అంజద్ పారాచూట్‌తో బయటపడ్డాడు. ధ్వనిని మించిపోయే విమానాన్ని, ధ్వనిని అందుకోలేని విమానం కూల్చింది.

దేవయ్య తిరిగి రాలేదు. ఆయన ట్రిగ్గర్ నొక్కినప్పుడు కెమెరా తన పని తాను చేసే ఉంటుంది. కానీ ఆ ఫిల్ము సరిహద్దుకు అవతల, శకలాల్లో ఉండిపోయింది. ఆ పోరును మన వాళ్ళెవరూ చూడలేదు. ఆదంపూర్‌లో రాసుకున్నది ఒక్కటే: ఆచూకీ లేదు. భార్య సుందరికి అందిన కబురూ అదే.

ఏళ్ళు గడిచాయి. పాకిస్తాన్ వాయుసేన సహకారంతో బ్రిటిష్ రచయిత జాన్ ఫ్రికర్ 1965 గగన యుద్ధం మీద రాసిన పుస్తకం 1979లో వెలువడింది. ఆ రోజు సర్గోధా దగ్గర స్టార్‌ఫైటర్‌ను కూల్చింది ఒక మిస్టేర్ అని అందులో ఉంది. పైలట్ ఎవరో వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఆ ఉదయపు దాడికి వెళ్ళి తిరిగి రాని మిస్టేర్ ఒక్కటే. 1988లో, అంటే 23 ఏళ్ళ తర్వాత, దేవయ్యకు మహావీర చక్ర ప్రకటించారు. సుందరి వెళ్ళి అందుకున్నారు.

పుస్తకం వచ్చే దాకా ఆగడం తప్ప మనకు వేరే దారి లేకపోయిందని చాలామంది అనుకుంటారు. ఫిల్ము పోయింది, దేవయ్య పోయారు, ఇక చెప్పేదెవరని.

కానీ పుస్తకానికి 8 ఏళ్ళ ముందు, 1971 డిసెంబరులో, అమృత్‌సర్ మీదికి దాడికి వచ్చిన ఒక స్టార్‌ఫైటర్‌ను మన విమాన విధ్వంసక తుపాకులు కూల్చాయి. పైలట్ పారాచూట్‌తో మన నేల మీదే దిగి పట్టుబడ్డాడు. యుద్ధఖైదీగా మన కాపలాలోనే ఉండి, ఖైదీల విడుదలలో స్వదేశానికి వెళ్ళిపోయాడు. అతను వెళ్ళేనాటికి కూడా దేవయ్య చివరి పోరు సంగతి మన వాయుసేనకు తెలియదు.

ఆ ఖైదీ పేరు అంజద్ హుస్సేన్.