గాలి మిషను చెప్పుకున్న కానుగ కాలం

విశాఖ ఆటోనగర్‌లో దీన్ని కంప్రెసర్ అని పిలిచేవాళ్ళు తక్కువ. గాలి మిషను అంటేనే అందరికీ తెలుస్తుంది. కోయంబత్తూరులో తయారై, ఒకరిద్దరు యజమానుల దగ్గర పనిచేసి, చివరికి గాజువాక పక్కన ఈ పంచర్ షాపులో స్థిరపడింది. ఒక మోటారు, ఒక బెల్టు, రెండు పిస్టన్లు, కింద గాలి నిలవుండే ట్యాంకు. దీని సంసారం ఇంతే. తన కథ తానే చెప్పుకుంటున్నా ‘నేను’ అనడం దీనికి అలవాటు లేదు. ‘ఈ మిషను’ అనే అంటుంది.

లోకం సంగతులు ఈ మిషనుకు ముందుగా తెలిసేది గాలి పీల్చే ఫిల్టరు దగ్గర. ఏడాది పొడుగునా అందులో పడేది పక్క షెడ్ల గ్రైండింగ్ పొడి, రోడ్డు దుమ్ము, పోర్టు నుంచి వచ్చే లారీలు విదిలించే బొగ్గు నుసి. చైత్రం దగ్గర పడ్డాక మాత్రం సరుకు మారుతుంది. లేత ఊదా రేకులు, పసుపుపచ్చ పుప్పొడి వచ్చి చేరతాయి. మోటారు కాస్త బరువుగా లాగుతుంది. షాపు మేస్త్రి చెవికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది. నట్టు విప్పి, ఫిల్టరు అరచేతికేసి తట్టి, “కానుగ పూసిందిరా బుల్లోడా” అంటాడు షాపు కుర్రాడితో. తల ఎత్తి చెట్టు వైపు చూసేది ఆ తర్వాతే.

ఇప్పుడు కానుగ ఉన్న చోట ముందు వేరే చెట్టు ఉండేది. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 170, 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. ఊళ్ళో చెట్లు కుప్పకూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. షాపు ముందున్న చెట్టు వేళ్ళతో సహా లేచి రేకుల మీద పడింది. కరెంటు లేని ఆ రోజుల్లో ఈ మిషను ఊపిరి తీయలేదు.

మరుసటి ఏడు తొలకరికి మేస్త్రి ఆ గోతిలోనే కానుగ మొక్క పెట్టాడు. ఈ చోటికి తగిన చెట్టే అది. ఉప్పుగాలిని ఓర్చుకుంటుంది. వేళ్ళు లోతుకు దిగాక నీళ్ళ కోసం ఎవరినీ అడగదు. చిక్కుడు కుటుంబానిది కాబట్టి వేరు బుడిపెల్లో గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తుంది. ఆయిలు తాగి బిగుసుకుపోయిన ఈ మట్టిలోనూ అది నిలదొక్కుకుంది.

తొలిపూత 2020లో, లాక్‌డౌన్ రోజుల్లో వచ్చింది. షెడ్ల షట్టర్లు దించేసి ఉన్నాయి. సుత్తి చప్పుడు లేదు, హారన్ లేదు. ఆపి ఉంచిన మిషను మీద, బెల్టు మీద, ట్యాంకు మీద రేకులు పొరలు పొరలుగా పేరుకున్నాయి.

కానుగ పూతకు ఒక పద్ధతుంది. ముందు పాతాకు రాలుతుంది. తర్వాత లేతాకు నిగనిగలాడుతూ వస్తుంది. ఆ వెనకే గుత్తులు విచ్చుకుంటాయి. నిరుటి పూతకు కాసిన కాయలు అప్పటికి ఎండి కొమ్మల్నే పట్టుకుని ఉంటాయి. అలా రెండేళ్ళ పంట ఒకే కొమ్మ మీద కనిపిస్తుంది. పొద్దున్న షాపు తెరిచేసరికి నేల మీద మరమరాలు ఒలకబోసినట్టు పూలు. చెట్టు నిండా తేనెటీగల రొద. మిషను ఆన్ చేస్తే అది వినబడదని మేస్త్రి టీ తాగేదాకా స్విచ్చి జోలికి వెళ్ళడు.

పక్కనే లారీ బాడీలకు రంగులు వేసే షెడ్డు. తడి రంగు మీద పడ్డ రేకుల్ని పెయింటరు సన్న బ్రష్షు కొనతో ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, మళ్ళీ తామరపువ్వు దిద్దడంలో మునిగిపోతాడు. పైకొమ్మలో కాకి గూడు. పుల్లల మధ్య బైండింగ్ వైరు ముక్కలు మెరుస్తుంటాయి. ఆటోనగర్‌లో వాటికి కరువేముంది! ఆ ఇనప గూటిలోనే కోకిల గుడ్డు పెట్టి పోతుంది. తెల్లారకముందే కూసేది నల్లటి మగపక్షి. ఒంటినిండా చుక్కలున్న ఆడపక్షి ఆకుల్లో దాక్కుంటుంది.

ఉగాది ముందురోజు టీకొట్టు అప్ప చుట్టూ జనం మూగుతారు. ఆమె ఇంటి ముందున్న వేప కింద రాత్రి పాత చీర పరుస్తుంది. పొద్దుటికి తెల్లటి పువ్వు రాలి ఉంటుంది. “అప్పా, నాకో గుప్పెడు” అని ఒకరు, “మా ఇంటికీ ఉంచప్పా” అని ఇంకొకరు. పచ్చడికి పోగా మిగిలింది ఎండబెట్టి చారులోకి దాస్తుంది. స్టీల్ ప్లాంటులో పొద్దుటి షిఫ్టు దిగి రెండు గంటల వేళ ఇటు వచ్చేవాళ్ళు కూడా పొట్లం కట్టించుకుని వెళ్తారు.

పది చక్రాల లారీ టైరుకు 110 పౌండ్ల దాకా గాలి పెట్టాలి. అంటే బయటి గాలి ఎనిమిది రెట్లకు పైగా కుదించుకుని లోపల కూర్చుంటుంది. చైత్రంలో ఆ గాలి కానుగ కిందిదే. స్టీల్ ప్లాంటు కడ్డీలు ఎత్తుకున్న లారీలు ఆ గాలి మీదే విజయనగరం, సాలూరు దాటి, ఘాటెక్కి, కొరాపుట్, జగదల్‌పూర్ మీదుగా రాయ్‌పూర్ వెళ్తాయి. ఈ మిషను చేసిన ప్రయాణాలన్నీ అవే.

లారీల ఊరిగా పేరుపడ్డ సాలూరు నుంచి ఒక డ్రైవరు ఎప్పుడూ ఈ షాపుకే వస్తాడు. కొండల్లో ఇప్పపూలు రాత్రిపూట రాలతాయని, తెల్లారుజామునే గిరిజనులు బుట్టలతో ఏరుతుంటారని, ఆ తీపి వాసన క్యాబిన్‌లోకి కొడుతుందని మొన్న చెప్పుకొచ్చాడు. స్టెప్నీకి గాలి ఎక్కుతున్నంతసేపూ అతని చూపు చెట్టు మీదే.

“మేస్త్రి గారూ, మా లారీలు ఆగే చోట నీడ లేదండీ. ఇది అక్కడ బతుకుద్దా?”

“ఎందుకు బతకదు! కాయలు తీసుకెళ్ళు బాబూ.”

బుల్లోడు చెట్టెక్కి ఎండుకాయలు దులిపాడు. ఒక్కో కాయలో ఒకటో రెండో గింజలు. మేస్త్రి వాటిని గుడ్డలో మూటగట్టి, చేయాల్సిన పనులు చెప్పాడు. తొలకరి దాకా తడి తగలనీయకూడదు. నాటేముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి. రెండు మూడు వారాలకు మొలక వస్తుంది. మొదటి రెండు వేసవులూ నీళ్ళు పోసి, మేకల నుంచి కాపాడాలి. డ్రైవరు మూట క్యాబిన్‌లో దేవుడి పటం వెనక పెట్టి, క్లీనరును పిలిచి అవే మాటలు మళ్ళీ అప్పజెప్పించుకున్నాడు.