చిప్పు దొరికిందా?

2016 నవంబరులో కొత్త 2000 నోటు మన ఊరి ఏటీఎంకి చేరకముందే, అందులోని నానో జీపీఎస్ చిప్పు వాట్సాప్‌కి చేరిపోయింది. భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పసిగట్టేస్తుందట! ఏ ఊరి బాబాయి సృష్టో తెలియదు. నిద్రపట్టక రాసి ఉంటాడు, వదిలేద్దాం. కానీ కొన్ని హిందీ చానెళ్లు సూటూ బూటూ తొడుక్కుని, గ్రాఫిక్స్ పెట్టి మరీ అదే కథ చెప్పాయి. అలాంటిదేమీ లేదని రిజర్వు బ్యాంకు మొత్తుకుంది. ఎవరు వింటారు? రిజర్వు బ్యాంకుకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు కదా.

2023 మే 19న ఆ నోటును ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించారు. వేల కోట్ల విలువైన నోట్లు వెనక్కి రాలేదని ఆ తర్వాత కూడా లెక్కలు చెబుతూ వచ్చారు. ఆ ఉపగ్రహాన్ని ఒక్క మాట అడిగితే పోయేది!

ఊళ్లో అనుకుంటే పుకారు, పేపర్లో పడితే వార్త అని నమ్మి పెరిగాం. రెంటికీ మధ్య డెస్కులో ఒక సబ్ ఎడిటర్ కూర్చుని "ఎవరు చెప్పారయ్యా?" అని గదమాయించేవాడు. ఇప్పుడు జవాబు సిద్ధంగా ఉంది: "వైరల్ అవుతోంది సార్." బాబాయి ఫార్వర్డును చానెల్ చూపిస్తుంది. ఆ క్లిప్పును "టీవీలో కూడా వచ్చింది" అంటూ బాబాయి మళ్లీ గ్రూపుల్లోకి తోస్తాడు. ఒకరికొకరు సాక్షులు. ఫోను చేసి కనుక్కున్నవాడు ఒక్కడూ లేడు.

2025 మే నెలలో పాకిస్థాన్‌తో ఘర్షణ వేళ ఒక రాత్రి కొన్ని చానెళ్లు కరాచీ రేవును ధ్వంసం చేసేశాయి. నౌకాదళానికి కూడా అంత తీరిక దొరకలేదు. పాపం, ఆ రేవు తను ధ్వంసమైన సంగతి తెలియక మర్నాడూ పనిచేసింది.

ఇలాంటి వార్తల్లో తప్పులు పట్టే ఆల్ట్ న్యూస్‌ను 2017లో మొదలుపెట్టిన వారిలో ప్రతీక్ సిన్హా ఒకప్పటి సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. విలేకరుల పని ఇంజనీరు చేస్తుంటే, విలేకరులు ఫార్వర్డులు చేస్తున్నారన్నమాట.

అన్నీ నవ్వుకునేవి కావు. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలంటూ తిరిగిన ఫార్వర్డులు నమ్మి జనం అమాయకుల్ని కొట్టి చంపారు. జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు పల్లెపల్లెకూ వెళ్లి, పాటలు పాడించి మరీ అది అబద్ధమని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డుకు ఐదు చాట్ల హద్దు పెట్టింది. చానెళ్లకు ఆ హద్దూ లేదు.

బాబాయిలకు జర్నలిజం నేర్పమని అడగను. చానెళ్ల యజమానులారా, "ఎవరు చెప్పారయ్యా?" అనే ఆ సబ్ ఎడిటర్‌ని వెనక్కి పిలవండి. జీతం యాంకర్ల మేకప్ ఖర్చులో సర్దుకోవచ్చు.