గాలి కారుకు ఇనుప వైద్యం

పాత బెంజ్ ఎస్-క్లాస్ కొన్నవాళ్లలో ఒక ముక్తిమార్గం బాగా ప్రచారంలో ఉంది. కారు కింది ఎయిర్ సస్పెన్షన్ పీకి పారేసి, నాలుగు కాయిల్ స్ప్రింగులు బిగించుకోవడం. దీన్ని మరమ్మతు అంటే వాళ్లకు కోపం. అప్‌గ్రేడ్ అనాలి. జర్మన్ ఇంజనీర్లు ఏళ్ల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని పెట్టినదాన్ని షెడ్డులో ఊడబీకేస్తే, అది కారుకు జరిగిన అభివృద్ధట!

1998లో వచ్చిన డబ్ల్యూ220 ఎస్-క్లాస్‌కు ఎయిర్‌మాటిక్ అనే ఈ ఎయిర్ సస్పెన్షన్ కారుతోపాటే వచ్చింది. ఉక్కు స్ప్రింగుల చోట గాలి నిండిన రబ్బరు బెలూన్లు, వాటికి గాలి కొట్టే కంప్రెసర్, ఎత్తు కొలిచే సెన్సర్లు. వెనక ముగ్గురు ఎక్కి, డిక్కీలో పెళ్లి సామాను కుక్కినా కారు తోక వాల్చదు. సెన్సర్ కనిపెడుతుంది, కంప్రెసర్ గాలి కొడుతుంది, బండి మళ్లీ సమంగా నిలబడుతుంది. గతుకుల దారి వస్తే మీట నొక్కి పైకి లేపుకోవచ్చు. హైవే మీద వేగం అందుకుంటే తనంతట తానే కాస్త కిందికి దిగుతుంది. ఆ కారు కొనేదే ఈ వైభోగం కోసం.

రబ్బరు అన్నాక పాతబడుతుంది. మడతల దగ్గర పగుళ్లిస్తుంది. రాత్రి సమంగా నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒక మూల కుంగి కూర్చుంటుంది. సబ్బునీళ్లు చల్లితే బుడగలు లేచినచోట రోగం బయటపడుతుంది. కానీ కోటీశ్వరుల కారు కొన్న మనవాడికి సబ్బునీళ్ల ఖర్చు భారమనిపిస్తుంది. స్టార్ట్ చేస్తే లేస్తోందిగా అని తిప్పుతాడు. కారే గాలిని భర్తీ చేయలేక కంప్రెసర్ తిరిగి తిరిగి మాడిపోతుంది. కొత్త కంప్రెసర్ వేయిస్తాడు, చిల్లు పడ్డ బెలూన్‌ను మాత్రం అలాగే ఉంచుతాడు. అదీ మాడుతుంది. అప్పుడు జ్ఞానోదయమవుతుంది: జర్మన్లకు కార్లు చేయడం రాదు!

రబ్బరు, లోపల గాలి, ఎప్పుడో ఒకప్పుడు చిల్లు. ఈ మూడూ టైరుకీ ఉన్నాయి. మరి టైరు పంక్చరైతే ఎడ్లబండి చక్రంలా ఇనప్పట్టా వేయించుకోడేం?

స్ప్రింగులు బిగించాక ఇంకో తంటా. గాలి ఏదని కంప్యూటర్ అడుగుతుంది, డాష్‌బోర్డు మీద ఎర్రక్షరాలు వెలిగిస్తుంది. దానికీ మందుంది. కొన్ని కిట్లలో ఒక చిన్న పెట్టె వస్తుంది. అంతా క్షేమమేనని కంప్యూటర్‌కు రేయింబవళ్లు అబద్ధం చెప్పడమే దాని ఉద్యోగం. సొంత కారుకు దొంగసాక్షిని జీతం ఇచ్చి పెట్టుకోవడమన్నమాట.

“నడిపితే తేడా ఏమీ తెలియదు సార్” అంటాడు కిట్ అమ్మేవాడు. తేడా తెలియనివాడికి ఎస్-క్లాస్ ఎందుకు? ఇనుప స్ప్రింగుకు బిగువు ఒక్కటే. ఖాళీ కారుకు సరిపడేలా మెత్తటిది వేస్తే బరువెక్కగానే వెనక్కి వాలుతుంది. బరువుకు తగ్గ గట్టిది వేస్తే ఒంటరిగా వెళ్లే రోజు నడుం విరగ్గొడుతుంది. రాత్రి విజయవాడ నుంచి హైదరాబాదుకు గరుడ ప్లస్ వోల్వోలో టికెట్ కొనుక్కుని నిద్రపోయే ప్రయాణికుడు గాలి బెలూన్ల మీదే పోతున్నాడు. డిపోలో బెలూన్ పగిలితే బెలూనే మారుస్తారు. ఆ బస్సును దాటుకుని పోయే బెంజ్ యజమాని మాత్రం లారీవాడిలా ఇనుము మీద ఎగురుతూ, బస్సువాళ్లను చూసి జాలిపడతాడు.

ఈ వైద్యం కొత్తదేం కాదు. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోగమ్ 13,074 డాలర్లకు ఎయిర్ సస్పెన్షన్‌తో వచ్చింది. అప్పటి రోల్స్ రాయిస్ సిల్వర్ క్లౌడ్ కన్నా ఖరీదు. రెండేళ్లలో అమ్మినవి 704. గాలి కారుతుంటే విసిగిపోయి చాలామంది ఉక్కు స్ప్రింగులు వేయించుకున్నారు. వాళ్లను తప్పుపట్టలేం. సాంకేతికత పసిది, మంచి రబ్బరు లేదు, బాగుచేసేవాడు లేడు. ఇప్పుడు ఆ కార్లను పునరుద్ధరించేవాళ్లలో కొందరు ఆ ఉక్కు ఊడదీసి, పనిగట్టుకుని గాలినే తిరిగి ఎక్కిస్తున్నారు. మన పెద్దమనిషికి ఆ కష్టాలేమీ లేవు. స్ప్రింగుల కిట్లు అమ్మే కంపెనీల్లోనే కొన్ని, బెలూన్ బిగించిన కొత్త ఎయిర్ స్ట్రట్లూ అమ్ముతున్నాయి.

నాలుగు స్ట్రట్ల ధర కారు ధరను మించిపోయింది, అందుకే ఇనుము వేయించానని ఎవరైనా చెబితే దండం పెడతాను. అది పొదుపు, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మనవాడు అలా చెప్పడు. మెర్సిడెస్ చేసిన పొరపాటును తాను సరిదిద్దానంటాడు. తీరా కారు అమ్మకానికి పెట్టిన రోజున ప్రకటనలో “ఎయిర్‌మాటిక్‌తో సహా అన్ని ఫీచర్లూ ఉన్నవి” అని రాస్తాడు. చూడ్డానికొచ్చినవాడు మీట నొక్కి, కారు లేవక అతని ముఖంలోకి చూస్తే, “చల్లబడిందండీ, కాస్త టైమ్ పడుతుంది” అంటాడు.