ఎవరిదీ కాని జాగా

పల్నాడులో రెండు కుందేళ్ళకు సఖ్యత కుదర్చాలనుకునేవాడు ముందు వాటి పేర్ల దగ్గరే జాగ్రత్తపడాలి. మా పాప మగదానికి మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడి మీద బ్రహ్మన్న అనీ, ఆడదానికి పల్నాటి యుద్ధంలో ఆయనతో తలపడ్డ గురజాల మంత్రి నాగమ్మ పేరూ పెట్టేసింది. "1182లో కారెంపూడిలో తెగిన తలలు చాల్లేదా తల్లీ? మళ్ళీ మన వసారాలో మొదలెట్టాలా?" అన్నాడు మా నాయన. నేను మాత్రం ధైర్యంగానే ఉన్నాను. మా నడికుడి నుంచి మాచర్లకు పోయే రైలు గురజాల మీదుగానే పోతుంది. రైల్వే వాళ్ళు కలిపిన వాటిని నేను కలపలేనా అనుకున్నాను.

కుందేలు సాధుజీవి అన్నది దాన్ని పెంచనివాళ్ళు చెప్పే మాట. మన చేలల్లో గంతులేసే చెవులపిల్లి వేరే జాతి. అది ఒంటరిగా బతుకుతుంది, పట్టి పెంచితే చట్టం ఊరుకోదు. ఇళ్ళలో పెంచే కుందేలు ఐరోపా అడవి కుందేలు సంతతి. వాటివి బొరియల్లో ఉమ్మడి కాపురాలు. అందుకని ఒంటరిగా ఉండలేదు, తోడు తెచ్చిస్తే ఓర్వలేదు.

ఆపరేషన్ చేయించకుండా ఆడనీ మగనీ కలిపితే సంధి చిటికెలో కుదురుతుంది. కాకపోతే ఆ సంధి తాలూకు సంతకాలు నెల తిరిగేసరికి కళ్ళు తెరవని పిల్లల రూపంలో వస్తాయి. 1859లో థామస్ ఆస్టిన్ అనే భూస్వామి వేట సరదాకు రెండు డజన్ల కుందేళ్ళను వదిలిన పాపానికి ఆస్ట్రేలియా ఇప్పటికీ తల పట్టుకునే ఉంది. నడికుడికి ఆ గతి పట్టకూడదని రెండింటికీ ఆపరేషన్ చేయించాం. ఆ తర్వాత కూడా మగదాన్ని ఓ నాలుగైదు వారాలు విడిగానే ఉంచాలి. ఈలోగా పంజరాలు మూతులు అందనంత ఎడంగా పక్కపక్కన పెట్టి, దీని గుడ్డ దానికీ దాని గుడ్డ దీనికీ మార్చి, వాసనలు అలవాటు చేశాం.

అసలు చిక్కు జాగా దగ్గర వచ్చింది. కుందేలుకు గడ్డం కింద వాసన గ్రంథి ఉంటుంది. దేనికి గడ్డం రాస్తే అది దాని పేర రిజిస్టరైనట్టే. మా హాలు, గ్యాస్ బండ, నాయన చేతికర్ర అప్పటికే బ్రహ్మన్న ఖాతాలో పడ్డాయి. వసారా నాగమ్మది. మొదటి ముఖాముఖి మాత్రం రెండింటిలో ఏదీ గడ్డం రాయని చోటే జరగాలి.

"ఎవరిదీ కాని జాగానా! పల్నాడులోనా!" అని నాయన మనస్ఫూర్తిగా నవ్వాడు. "పోరంబోకుక్కూడా ఇద్దరు హక్కుదార్లుంటారు రా ఇక్కడ."

చివరికి మిగిలింది బాత్రూమ్. గచ్చు మీద కాళ్ళు జారకుండా గోనెపట్టా పరిచాం. చలికాలం చూసుకునే మొదలుపెట్టాం. చెవులతో ఒళ్ళు చల్లార్చుకునే ప్రాణిని పక్కనే రెంటచింతల ఎండలు పెట్టుకుని మేలో కుస్తీకి దించకూడదు. గడ్డీ కొత్తిమీరా ఒక కుప్పగా పోస్తే కాపలా కాస్తాయని పట్టా అంతా వెదజల్లాం. అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టిన బ్రహ్మనాయుడి చాపకూడు మాకు అట్టా పనికొచ్చింది.

"ఏవండీ, ఆ చర్చలు ఎప్పుడవుతాయో చెప్పండి, నేను స్నానం చెయ్యాలి," అని మా ఆవిడ బయట నుంచి.

లోపల గుండ్రంగా తిరగడాలు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కడాలు. ఎక్కడంలో నాగమ్మే ముందుంది. అది శృంగారం కాదు, పెద్దరికం. బొచ్చు ఊడేదాకా వస్తే తప్ప మధ్యలోకి పోకూడదు, పోయినా చేతికి దళసరి తువ్వాలు చుట్టుకునే పోవాలి.

కొన్నాళ్ళకు నాగమ్మ వచ్చి బ్రహ్మన్న ముందు తల నేలకు ఆనించింది. "లొంగింది!" అని పాప చప్పట్లు కొట్టింది. కాదు. కుందేళ్ళలో తల వంచడం దండం పెట్టడం కాదు, నుదురు నాకమని హుకుం. బ్రహ్మన్న కూడా తల వంచాడు. రెండూ వంచిన తలలు ఎత్తకుండా మొండికేశాయి. ఆఖరికి బ్రహ్మన్నే మెత్తబడి నాగమ్మ నుదురు నాకాడు.

నాయన చాలాసేపు చూశాడు. "తల వంచినవాడే నెగ్గినట్టని మనోళ్ళకు ముందే తెలిసుంటే, ఆ యుద్ధానికి దారితీసిన కోడిపందెం దాకా పోయేదే కాదురా," అన్నాడు.

హాలంతా వెనిగర్ నీళ్ళతో తుడిచి పాత హక్కులన్నీ రద్దు చేసి, జంటను అందులోకి దించాం. ఇప్పుడు రెండూ కలిసి గడ్డాలు రాస్తున్నాయి, ఉమ్మడి ఖాతా. బాత్రూమ్ తలుపునూ వదల్లేదు.

మొన్న పాప పుట్టినరోజుకు దాని మేనమామ మూడో కుందేలు తెచ్చాడు. ఈసారి మా ఇంట్లో గడ్డం తగలని చోటంటూ లేదు. పక్కింటి బాబాయి గోడ మీంచి పలకరిస్తే, బాగోగులు అడక్కుండానే అడిగేశాను: "బాబాయ్, మీ బాత్రూమ్ ఓ పదిరోజులు ఇప్పిస్తావా?"