చచ్చినవాడి పతకం చారెడు

చచ్చినవాడి కళ్ళు చారెడని మనవాళ్ళు అనుకుని ఊరుకున్నారు. ఆ చారెడుకు వెల కట్టడం మాత్రం మనకు చేతకాలేదు. ఆ విద్య లండన్‌లోనూ కేప్‌టౌన్‌లోనూ పండింది. దక్షిణాఫ్రికా సైనికులకు వచ్చిన పతకాలను వేలం వేసే పెద్దమనుషులు అక్కడున్నారు. చేతిలో చిన్న సుత్తి, బల్ల మీద క్యాటలాగు. ఆ క్యాటలాగు రాయడంలో నిష్ఠ చూస్తే మన పంచాంగకర్తలు సిగ్గుపడాలి.

అంచున చిన్న దెబ్బ, ముఖాన ఒరిపిడి గీతలు, తక్కినదంతా బహుబాగు: ఇదీ వరస. ఇది పతకం ఆరోగ్యం. దాని కిందే పతకం తాలూకు మనిషి ఆరోగ్యం ఉంటుంది: తొడలో తూటా, మూడోనాడు మృతి. పతకానికి దెబ్బ తగిలితే ధర పడిపోతుంది. మనిషికి తగిలితే పెరుగుతుంది. పతకం మీద గీతైనా పడకుండా, మనిషి మాత్రం తునకలై ఉంటే అంతకన్నా మంచి సరుకు లేదు.

బతికొచ్చినవాడి పతకం ఎవడిక్కావాలి? వాడు ఇంటికొచ్చి, జొన్న వేసుకుని, మనవళ్ళను ఎత్తుకుని, మంచంమీద పోయాడు. వ్యాపారం చెడగొట్టాడు. దక్షిణాఫ్రికాలో డచ్చి సంతతి బోయర్లతో జరిగిన బోయర్ యుద్ధంలో బ్రిటిషు పక్షాన పోయిన దాదాపు 22,000 మందిలో ఎక్కువమందిని చంపింది తూటాలు కావు, టైఫాయిడ్ లాంటి రోగాలు. వాళ్ళదీ చావే, కానీ విరేచనాలతో పోయిన చావుకు పెద్ద పాట రాదు. 1916 జులైలో ఫ్రాన్సులోని డెల్విల్ వుడ్ అడవిలోకి దక్షిణాఫ్రికా బ్రిగేడు 3,153 మందితో వెళ్ళింది. ఆరు రోజుల తర్వాత హాజరు పిలిస్తే పలికింది 800 లోపే. కనుక క్యాటలాగులో ఆ అడవి పేరు కనపడగానే చేతులు వాటంతటవే లేస్తాయి. రాబోయే తరాల వీరులకు నాదొక చిన్న సలహా: చావక తప్పనప్పుడు పేరున్న చోట చావండి. వారసులకు కాకపోయినా, వేలంవారి కమిషనుకైనా పనికొస్తారు.

ఈ సరుకులో అసలు కిటుకంతా అంచులో ఉంది. అంచు డాబే గాని పంచె డాబు లేదన్న సామెత పుట్టింది మన చేనేత ఊళ్ళలోనే అయినా, అది పూర్తిగా నిజమయింది పతకాల అంగట్లో. ముఖాన రాణి బొమ్మో రాజు బొమ్మో అన్నిటికీ ఒకటే. అంచున చెక్కిన పేరు, నంబరు, దళం, వీటికే ధర. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటను తన సైనికుల పతకాల మీద పేరు చెక్కే ఖర్చు మిగుల్చుకుంది. దక్షిణాఫ్రికా మాత్రం చెక్కించింది. నంబరు ముందు ఒక అక్షరం కూడా పెట్టింది. నల్లజాతివాడైతే ఎన్, మిశ్రమ జాతి కేప్ కలర్డ్ అయితే సి. చచ్చేటప్పుడు అందరి నెత్తురూ ఎర్రగానే ఉంటుందని ఆ గుమాస్తాకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

బ్రిటిషు సర్కారు తొందరపాటుకూ ఇక్కడ గిరాకీ ఉంది. బోయర్ యుద్ధం 1900లోనే అయిపోతుందని లెక్కేసుకుని, విక్టోరియా రాణి పతకం వెనక 1899-1900 అని ముద్ర కొట్టేశారు. బోయర్లకు ఆ సంగతి ఎవరూ కబురు చేయలేదు. వాళ్ళు 1902 మే దాకా కొట్లాడారు. ఈలోగా రాణిగారే పోయారు. చేసేది లేక సంవత్సరాలను అరగదీశారు. కొన్నిటి మీద ఆ అంకెలు లీలగా ఇంకా కనిపిస్తాయి. వాటిని భూతం తారీఖులంటారు సేకర్తలు, భూతద్దం పెట్టి వెతుకుతారు. చెరిపినా చెరగని ఆ సర్కారు అబద్ధానికి అదనపు వెల చెల్లిస్తారు. ఆ లెక్కన మన ఎన్నికల ప్రణాళికలన్నీ దాచుకోదగ్గవే.

ఆ పతకం రిబ్బను మీద తగిలించుకోవడానికి 26 రకాల పట్టీలు చేయించారు. ఫలానా కొండ, ఫలానా ఏరు, ఫలానా ముట్టడి. అదే యుద్ధంలో నిర్బంధ శిబిరాల్లో దాదాపు 28,000 మంది బోయర్లు పోయారు, చాలావరకు ఆడవాళ్ళూ పిల్లలే. నల్లవాళ్ళ శిబిరాల్లో లెక్కకెక్కినవాళ్ళే 14,000 పైచిలుకు. దానికి పట్టీ చేయించడం ఎలాగో మరిచారు. 27వది ఉండుంటే క్యాటలాగులో ఏ శీర్షిక కింద వేసేవారో తెలుసుకోవాలని నాకు మహా కుతూహలం.

ఓడిన బోయర్లకు 1920లో పతకాలు మంజూరయ్యాయి. వాటికి దరఖాస్తు పెట్టుకోవాలి. నేను కొట్లాడానండీ అని ఫారం నింపితే వీరుడు, నింపకపోతే రైతు. ఆ పతకానికి ఒకవైపు ట్రాన్స్‌వాల్ చిహ్నం, రెండోవైపు ఫ్రీ స్టేట్ చిహ్నం. ఎవరి రాజ్యం ముద్రను వాళ్ళు ముందుకు తిప్పుకుని పెట్టుకోవచ్చు. మన కండువాల నాయకులకు ఇంతకంటే మంచి నమూనా దొరకదు.

ఇక మనవాళ్ళ సంగతి. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు, చెరకు తోటల్లో కూలికి పోయినవాళ్ళలో విశాఖ, గంజాం, గోదావరి సీమల తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు. రిజిస్టర్లలో నాయుడు నైడూ అయ్యాడు. అప్పలస్వామి ఏకంగా ఇంటిపేరైపోయాడు. బోయర్ యుద్ధం వచ్చినప్పుడు గాంధీగారు క్షతగాత్రుల్ని మోయడానికి దాదాపు 1,100 మందితో దళం కూర్చారు. అందులో ఎక్కువమంది ఈ కూలీలే. రోజుకు 20, 25 మైళ్ళు స్ట్రెచర్లు మోశారు. పతకాలు వచ్చింది నాయకులుగా లెక్కకొచ్చిన 37 మందికి. మోసినవాడికి భుజం కాయ, మోయించినవాడికి మెడల్. ఈ ఏర్పాటు మనకు కొత్త కాదు గనక ఎవరూ పెద్దగా నొచ్చుకున్నట్టు లేదు.

అదే యుద్ధంలో బోయర్లు ముట్టడించిన లేడీస్మిత్ ఊళ్ళో ప్రభుసింగ్ అనే గిరిమిటియా (ఒప్పందపు) కూలీ చెట్టెక్కి కూర్చునేవాడు. కొండ మీద బోయర్ల ఫిరంగి మెరిసినప్పుడల్లా గంట కొట్టేవాడు. గుండు వచ్చి పడేలోపు ఊరంతా దాక్కునేది. అతనికి వైస్రాయి కర్జన్ ఇంటినుంచి కాశ్మీరు అంగీ వచ్చింది. చూశారా, శాలువా సన్మానం మన సాహితీ సంస్థలు కనిపెట్టినదేమీ కాదు. ఇచ్చేవాడికి ఖర్చు తక్కువ, పుచ్చుకున్నవాడికి ఎండాకాలం.

గాంధీగారు మాత్రం తన పతకాలను 1920 ఆగస్టు 1న వైస్రాయికి తిప్పిపంపేశారు. ఎంత నష్టం! 2009లో న్యూయార్కు వేలంలో ఆయన కళ్ళజోడు, చెప్పులు, గడియారం, కంచం, గిన్నె కలిపి 18 లక్షల డాలర్లు పలికాయి. కొన్నది మద్యం వ్యాపారి. పతకాలు కూడా దొరికుంటే ఏ తుపాకుల కంపెనీవారో ముచ్చటపడి ఉండేవారు.

బోయర్ యుద్ధం రోజుల్లో వెండి పతకం సిపాయికి. సేవకులకు, అంటే గుర్రాలు చూసే సైసుకు, నీళ్ళు మోసే భిస్తీకి, డోలీ బేరరుకు కంచుది. వెండి వాళ్ళ స్థాయికి ఎక్కువని అప్పటి దొరల లెక్క. ఇప్పుడు అంగట్లో ఆ కంచుదే మామూలు వెండిదానికంటే ఎక్కువ పలుకుతుంది, అరుదు గనక. కంచు మోత మీద వేమన చెప్పినమాట వేలంశాలలో చెల్లదు. అవమానం నూరేళ్ళు నిలవుంటే ఊరగాయలా రేటు పెరుగుతుందన్నమాట.

మన ఊళ్ళో చేపల చెరువు వేలమైనా చింతచెట్టు వేలమైనా ముందు సర్కారువారి పాట ఉంటుంది. దక్షిణాఫ్రికాలో సర్కారువారి పాట ఎంతో చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధానికి దక్షిణాఫ్రికా నుంచి 20,000 మందికి పైగా నల్లజాతి కూలీలు ఫ్రాన్సుకు వెళ్ళారు. తుపాకీ ముట్టుకోనివ్వలేదు. రేవుల్లో, అడవుల్లో, రైలు పట్టాల మీద పని. రాత్రికి కంచెలేసిన దొడ్లలో మకాం. 1917 ఫిబ్రవరి 21 తెల్లవారుజామున అలాంటివాళ్ళను తీసుకెళుతున్న మెండీ ఓడను ఐల్ ఆఫ్ వైట్ దగ్గర మంచులో డారో అనే పెద్ద ఓడ గుద్దింది. అరగంట గడవకుండానే మెండీ మునిగింది. 600 మందికి పైగా పోయారు. గుద్దిన ఓడ నీళ్ళలో ఉన్నవాళ్ళను ఎత్తుకోవడానికి ముందుకు రాలేదు. దాని కెప్టెన్‌కు పడిన శిక్ష ఏడాదిపాటు లైసెన్సు రద్దు. తలకు ఎన్ని గంటలు పడిందో మీరే భాగహారం చేసుకోండి, నాకు చెయ్యి ఆడటం లేదు.

వార్త తెలిసి కేప్‌టౌన్ పార్లమెంటులో ప్రధాని బోథాతో సహా సభ్యులంతా లేచి నిలబడ్డారు. గౌరవం. తర్వాత కూర్చున్నారు. యుద్ధం అయ్యాక కూలీ దళాలకు కంచు పతకం ఇవ్వడానికి రాజుగారు ఒప్పుకుంటే, కూర్చున్నవాళ్ళ ప్రభుత్వం తన నల్లవాళ్ళకు వద్దంది. పక్కనున్న బసుటోలాండ్, బెచువానాలాండ్, స్వాజిలాండ్ నుంచి అదే దళంలో పనిచేసినవాళ్ళకు వచ్చింది. దళంలోని తెల్ల అధికారులకు వెండిదే వచ్చింది. అంటే సర్కారువారి పాట సున్నా. ఇదే దేశం తన విజయ పతకం మీద ఇంగ్లీషు చాలదని డచ్చిలో కూడా నాగరికత కోసం జరిగిన మహాయుద్ధం అని రాయించుకుంది. రెండు భాషల్లో చెబితే గాని నమ్మరని అనుమానం కాబోలు.

మెండీలో పోయిన దక్షిణాఫ్రికా నల్లవాళ్ళ పతకాలు ఏ వేలానికీ రావు. సేకర్తల ఆల్బమ్‌లో ఖాళీ గడి. ఆ పేర్లు సౌతాంప్టన్‌లో హాలీబ్రూక్ స్మారక శిల మీద ఉన్నాయి. దాన్ని పీక్కెళ్ళడం కష్టం.

రెండో యుద్ధానికి కాస్త నాగరికత ముదిరింది. నల్ల సైనికుడికి తుపాకీ బదులు బల్లెం ఇచ్చారు, హిట్లరు ట్యాంకుల మీదికి. అలాంటి సైనికుడొకడు, జోబ్ మసెకో, టోబ్రుక్‌లో జర్మన్లకు పట్టుబడ్డాడు. ఖైదీగా రేవులో కూలి చేస్తూ, పాలడబ్బాలో తూటాల మందు కూరి బాంబు చేసి, 1942 జులైలో జర్మన్ ఓడను ముంచాడు. మిలిటరీ మెడల్ ఇచ్చారు. తెల్లవాడైతే విక్టోరియా క్రాసే వచ్చేదని నేటికీ అక్కడ చెప్పుకుంటారు. 1952లో రైలు కింద పడి పోతే అప్పు చేసి పాతిపెట్టారట. అదే యుద్ధంలో సైమన్స్ టౌన్ రేవులో నేవీవారు ఓ గ్రేట్ డేన్ కుక్కను నావికుడిగా చేర్చుకుని, 1944లో అది పోతే పూర్తి సైనిక లాంఛనాలతో సాగనంపారు. తర్వాత విగ్రహం కూడా పెట్టారు. కుక్క మీద నాకు కోపం లేదు. అది ఏ చట్టమూ చేయలేదు.

ఆ తర్వాత వచ్చినవి చకచకా చెప్పుకుందాం. 1952లో బంగారంతో కేసిల్ ఆఫ్ గుడ్ హోప్ అనే అత్యున్నత శౌర్య పతకం పెట్టారు. ఒక్కరికీ ఇవ్వలేదు. 1974లో ప్రో పాట్రియా వచ్చింది. అంగోలా, నమీబియా సరిహద్దుకు బలవంతాన పంపిన కుర్రాళ్ళకది పప్పుబెల్లంలా పంచారు. పేరుండదు, వరస నంబరుంటుంది. 1994లో అప్పటిదాకా ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్న సేనలను కలిపి, అందరికీ యూనిటాస్ అనే ఒకే పతకం తగిలించారు. వీటిలో ఏది కొనాలో నన్నడక్కండి.

సేకర్తలను తిడుతున్నానని అనుకునేరు. న్యాయం చెప్పాలి. 1980 ప్రాంతంలో వెండి ధర ఆకాశానికెక్కినప్పుడు, ఔన్సు వెండి ఉందని మొదటి యుద్ధపు పతకాలు కుప్పలుగా కొలిమిలో పడ్డాయి. పేర్లతో సహా కరిగి పళ్ళేలయ్యాయి, చెంచాలయ్యాయి. అప్పుడు నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి ఆపింది ఈ పిచ్చివాళ్ళే. దేశం ఇచ్చి మరిచిపోయింది, కొడుకు తాకట్టు పెట్టాడు, ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు అంచు తుడిచి పేరు చదివాడు. చెల్లాచెదురైన ఒకే మనిషి మూడు పతకాలను తిరిగి ఒక చోటికి చేర్చడానికి ఏళ్ళతరబడి తిరిగేవాళ్ళున్నారు. ఆ మనిషి పెళ్ళాం పిల్లల్ని కలపడానికి ఏ సర్కారూ అంత తిరగలేదు.

డర్బన్‌లో, ఫీనిక్స్‌లో, చాట్స్‌వర్త్‌లో ఉన్న మన నైడూలూ, అప్పల్సామీలూ, మీతో ఒక మాట. తాతగారి పెట్టెలో పాత చీర మడతల మధ్య కంచు బిళ్ళ ఒకటి ఉండొచ్చు. ఇండియన్ అండ్ మలే కోర్‌లో లారీ తోలిన పెదనాన్నది ఆఫ్రికా పటమున్న పతకం ఉండొచ్చు. అమ్మవద్దని నేను చెప్పను, ఫీజులు మీరు కట్టాలి. అమ్మే ముందు మాత్రం భూతద్దంతో అంచు చదవండి. నంబరు ముందు ఏ అక్షరం పెట్టారో, పేరు ఎన్ని తప్పులతో చెక్కారో కాగితం మీద రాసుకోండి. ఇంట్లో ముసలావిడ ఉంటే, ఆయన అక్కడ ఏం మోశాడో, ఎన్నాళ్ళకు ఇంటికొచ్చాడో అడిగి అదీ రాయండి. క్యాటలాగువాళ్ళు ఆ కాగితం కూడా అడుగుతారు. దానికి వేరే ధర చెప్పండి.